టాన్, చెన్, ట్రాన్ ఒకటే ఇంటిపేరా? క్రూ లిస్టులో చైనా మూలం పేర్లు ఎలా విడదీయాలి?

రేవు_గుమస్తా (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. విశాఖ పోర్టుకి వచ్చే ఓడల క్రూ లిస్టులు (సిబ్బంది జాబితాలు) సరిచూసే పనిలో ఒక చిక్కు ఉంది, తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి. ఐఎమ్‌ఓ ఫాల్ ఫారం 5లో (ఆ లిస్టుకి అంతర్జాతీయ నౌకాయాన సంస్థ పెట్టిన నమూనా) ఇంటిపేరుకో గడి, సొంత పేరుకో గడి ఉంటాయి. మనవాళ్ళవి పర్వాలేదు. చైనా మూలం ఉన్న పేర్ల దగ్గరే తేడా వస్తోంది. మాస్టర్ (ఓడ కెప్టెన్) పంపిన లిస్టులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా, సీమన్ బుక్‌లో మరోలా ఉంటాయి. అవి కలవకపోతే షోర్ పాస్ (ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళే అనుమతి) దగ్గర ఆగిపోతుంది.

అడిగేవి ఇవి. మూడు ముక్కల పేరులో ఇంటిపేరు ఏదో చూసి చెప్పడం ఎలా? టాన్, చాన్, చెన్, ట్రాన్ అన్నీ ఒకే ఇంటిపేరంటారు, నిజమేనా? నిజమైతే ఒకదాని బదులు ఇంకోటి రాయొచ్చా? ఉత్త ‘ఎన్, జీ’ రెండే అక్షరాలు ఇంటిపేరుగా కనిపిస్తున్నాయి, అది టైపింగ్ తప్పా? మలేసియా పాస్‌పోర్టుల్లో అసలు ఇంటిపేరు విడిగా లేదు, వాళ్ళకి ఏం చేయాలి?

దొండపర్తి_88:

ముందు పని జరిగే మాట. చరిత్ర పెద్దలు చెప్తారు.

మాస్టర్ పంపిన ఎక్సెల్ చూసి నింపకండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున మెషీన్ చదివే రెండు వరుసలుంటాయి, ఒక్కోటి 44 గళ్ళు. పై వరుసలో మొదటి రెండు గళ్ళు పత్రం రకానికి, తర్వాత మూడు గళ్ళు దేశానికి. ఆరో గడి నుంచి పేరు మొదలు. ఇంటిపేరు అయిపోగానే రెండు బాణం గుర్తులు (<<) పక్కపక్కన వస్తాయి. ఆ జంట బాణాలే హద్దు. వాటి ముందున్నది ఇంటిపేరు, తర్వాతది సొంత పేరు. ఒంటి బాణం అంటే ఖాళీ జాగా లేదా అడ్డగీత, అంతే. దాన్ని హద్దు అనుకోవడంతోనే సగం తప్పులు వస్తాయి.

చైనా పాస్‌పోర్టులో సొంత పేరు రెండక్షరాలదైనా కలిపి ఒకే మాటగా రాస్తారు. తైవాన్ పాస్‌పోర్టులో మధ్యన అడ్డగీత పెడతారు, కింది వరుసలో అది ఒంటి బాణం అయిపోతుంది. త్సాయ్ ఇంగ్-వెన్ పేరులో ‘ఇంగ్’ మధ్యపేరు, ‘వెన్’ ఇంకో పేరు అనుకుని విడగొట్టకూడదు. రెండూ కలిపే సొంత పేరు.

ఇంకోటి. పేరుకి దొరికేది 39 గళ్ళే. పొడుగాటి థాయి పేర్లు, మలయ్ పేర్లు అక్కడ తెగిపోతాయి. అప్పుడు పైన అచ్చులో ఉన్న పూర్తి పేరే తీసుకోవాలి.

లిస్టు తిరిగి మాస్టర్‌కి పంపేటప్పుడు ఇంటిపేరు మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టి, పక్కన కామా పెట్టండి. అవతలివాళ్ళ సాఫ్ట్‌వేర్ ముందూ వెనకా తిప్పేసినా ఏది ఏదో తెలుస్తుంది.

లిపికారుడు:

రెండో ప్రశ్నకి నా జవాబు: ఇంటిపేరు ఒకటే, పేరు మాత్రం ఒకటి కాదు. ఒకదాని బదులు ఇంకోటి ఎప్పుడూ రాయకండి.

చైనా ఇంటిపేరంటే శబ్దం కాదు, అక్షరం. ఆ అక్షరాన్ని ఒక్కో ప్రాంతం ఒక్కోలా చదువుతుంది. మీరడిగిన ఇంటిపేరుకి ఎడమపక్క చెవి లాంటి గుర్తు, కుడిపక్క ‘తూర్పు’ అనే అక్షరం ఉంటాయి. బీజింగ్ మాట మాండరిన్‌లో చెన్. హాంకాంగ్ కాంటనీస్‌లో చాన్. ఆగ్నేయ చైనాలో షియామెన్ చుట్టుపక్కల హొక్కియెన్‌లో తాన్, రోమన్‌లో ‘టాన్’ అని రాస్తారు. హక్కాలో చిన్. వియత్నాంలో ట్రాన్. కొరియాలో జిన్. కాబట్టి కాగితం మీద ఉన్న స్పెల్లింగ్ మీకు చెప్పేది ఆ కుటుంబం ఏ మాట మాట్లాడేది, ఏ దేశపు గుమస్తా దాన్ని రాసుకున్నాడు అన్నది. చట్టం దృష్టిలో ఆ స్పెల్లింగే పేరు.

మంచి ఉదాహరణ టాన్ కా కీ. 1874లో షియామెన్ దగ్గర జిమెయ్‌లో పుట్టి, సింగపూర్‌లో రబ్బరు వ్యాపారం చేసి, 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం పెట్టినాయన. చైనా పుస్తకాల్లో ఈయన పేరు చెన్ జియాగెంగ్. అక్షరాలు మూడూ అవే, స్పెల్లింగ్‌లో మాత్రం ఒక్క మాటా కలవదు. సింగపూర్ కాగితంలో టాన్ ఉంటే, ‘అసలు పేరు చెన్ కదా’ అని సరిదిద్దడం తప్పు.

మనకి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. స్కూలు పుస్తకాల్లో హుయాన్ త్సాంగ్ అని చదివాం, కొన్నిచోట్ల యువాన్ చ్వాంగ్ అని ఉంటుంది, ఇప్పుడు జువాన్‌జాంగ్ అంటున్నారు. ముగ్గురు కాదు, ఒక్కడే. 7వ శతాబ్దంలో మన దేశానికొచ్చి ఆంధ్రదేశాన్ని ‘అన్-త-లో’ అని రాసుకున్న బౌద్ధ భిక్షువు. సన్యసించక ముందు ఆయన ఇంటిపేరు చెన్. మీ లిస్టులో ఉన్న అదే అక్షరం. సన్యాసం తీసుకున్నాక ఇంటిపేరు పోతుంది. 4వ శతాబ్దంలో దావో-ఆన్ అనే ఆచార్యుడు భిక్షువులందరూ బుద్ధుడి శాక్య వంశం పేరే పెట్టుకోవాలన్నాడు. శాక్యలోని మొదటి ముక్కే చైనాలో ‘షి’, వియత్నాంలో ‘థిక్’ అయింది. వియత్నాం భిక్షువుల పేర్ల ముందు థిక్ అని చూస్తే అది మన శాక్య శబ్దమే.

ఇప్పుడు ‘ఎన్, జీ’ సంగతి. అది తప్పు కాదు, నిండైన ఇంటిపేరు. పలకడానికి మన వర్ణమాలలోనే అక్షరం ఉంది, ఙ. లంక, గంగ అన్నప్పుడు సున్న దగ్గర ముక్కులో వచ్చే ధ్వనిని ఒంటిగా పలికితే అదే. ‘ఎంగ్’ అనీ ‘నిగ్’ అనీ చదివి అచ్చు జోడించి టైప్ చేయకండి.

అయితే ఈ ఙ్ వెనక రెండు వేరువేరు ఇంటిపేర్లున్నాయి. కాంటనీస్ మనిషైతే మాండరిన్‌లో ‘వూ’ అనే ఇంటిపేరు. హొక్కియెన్, తియొచూ (దాని దగ్గరి మాట) మనిషైతే ‘హువాంగ్’, అంటే పసుపు రంగు అక్షరం. ఆ పసుపు అక్షరానికున్నన్ని రూపాలు ఇంకదేనికీ లేవనిపిస్తుంది. చైనాలో హువాంగ్, హాంకాంగ్‌లో వాంగ్, సింగపూర్‌లో ఙ్ లేదా వీ, పెనాంగ్‌లో ఊయ్, డచ్చివాళ్ళ కాలపు జావాలో ఉయ్ (రోమన్‌లో ఓ, ఈ, ఐ), ఫిలిప్పీన్స్‌లో ఉయ్ (అక్కడ యూ, వై), ఉత్తర వియత్నాంలో హొవాంగ్, దక్షిణాన హుయిన్, కొరియాలో హ్వాంగ్.

తిరగేసి చూస్తే హాంకాంగ్ ‘వాంగ్’లోనూ రెండున్నాయి. పసుపు అక్షరమూ, రాజు అనే అక్షరమూ కాంటనీస్‌లో స్వరంతో సహా ఒకేలా పలుకుతాయి. అందుకే వాళ్ళలో వాళ్ళే ‘మూడు గీతల వాంగా, బొజ్జ వాంగా’ అని అడుగుతారు. రాజు అక్షరానికి అడ్డగీతలు మూడు, పసుపు అక్షరానికి నడుమ పొట్టలాంటి డబ్బా. మాండరిన్ వాళ్ళూ అంతే: చెన్ అయితే ‘చెవి-తూర్పు చెన్’, లిన్ అయితే ‘జంట చెట్ల లిన్’, లీ అయితే ‘చెట్టు-బిడ్డ లీ’, జాంగ్ అయితే ‘విల్లు-పొడుగు జాంగ్’ అంటారు. మీకెప్పుడైనా ఇద్దరు ఒకే కుటుంబమా కాదా అని తేల్చాల్సి వస్తే స్పెల్లింగ్ పట్టుకుని వాదించకండి, అక్షరం రాసి చూపించమనండి. చైనా, తైవాన్, హాంకాంగ్ పత్రాల్లో అక్షరం అచ్చయ్యే ఉంటుంది.

పలకడంలో మనకో వరం ఉంది. చైనా పిన్యిన్ (మాండరిన్‌ని రోమన్‌లో రాసే అధికారిక పద్ధతి) స్పెల్లింగ్‌లో బి, డి, జి అని రాసినవి నిజానికి ప, త, క. పి, టి, కె అని రాసినవి ఒత్తున్న ఫ, థ, ఖ. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు తడబడేది ఇక్కడే, మనకి అక్షరాలే ఉన్నాయి. జెడ్ అంటే ‘చాప, చాలు’లో పలికే దంత్య చకారం. సి అంటే దానికే ఒత్తు. హుయాన్ త్సాంగ్‌లో ‘త్స’ అని రాసింది ఆ దంత్య చకారాన్నే.

స్పెల్లింగ్ చూసి దేశం పట్టుకోవచ్చు. ఎక్స్, క్యూ, జెడ్-హెచ్ కనిపిస్తే పిన్యిన్, చైనా. అది 1958లో అమల్లోకొచ్చింది. హెచ్-ఎస్, టి-ఎస్, పైగా అడ్డగీత ఉంటే సాధారణంగా తైవాన్, పాత వేడ్-జైల్స్ పద్ధతి. ఆ పాత పద్ధతిలో ఒత్తు చూపడానికి కామా లాంటి చుక్క పెట్టాలి, కాగితాల్లో అది రాలిపోతుంది. అందుకే తైవాన్‌లో ‘చాంగ్’ అని కనిపించేది చాలావరకు చైనాలోని జాంగ్.

పెనాంగ్_తెలుగు:

లిపికారుడు గారి మాటకి అడ్డు చెప్పను, మలేసియా సంగతి మాత్రం కలుపుతాను.

మలేసియా పాస్‌పోర్టులో పేరుకి ఒకే గడి. కింది వరుసలోనూ జంట బాణాల హద్దు మధ్యలో రాదు, పేరంతా ఒంటి బాణాలతో సాగి చివర ఖాళీలతో ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఇంటిపేరు గడిలో పడేస్తుంది. మీ ఫారం రెండు గళ్ళూ నింపమని పట్టుబడితే చైనా మూలం పేరులో మొదటి ముక్క ఇంటిపేరు, మిగతా రెండూ సొంత పేరు. అదే ఓడలో మలయ్ మనిషుంటే ‘బిన్’ తర్వాతది తండ్రి పేరు, ఇంటిపేరు కాదు. మలేసియా తెలుగువాళ్ళకీ తమిళులకీ ‘ఏ/ఎల్’ ఉంటుంది. అనక్ లెలాకి, కొడుకు అని అర్థం. దాని తర్వాతదీ తండ్రి పేరే. మూడు జాతులకీ ఒకే సూత్రం వేసి ‘చివరి ముక్క ఇంటిపేరు’ అనుకుంటే ముగ్గురివీ తప్పుతాయి.

ఇంటిపేరు ముందుండడం మనకి కొత్తేం కాదు. గురజాడ అప్పారావు అంటే గురజాడ ఇంటిపేరని అడక్కుండానే తెలుస్తుంది. లీ క్వాన్ యూ అన్నా అంతే, లీ ఇంటిపేరు. చిక్కు వచ్చేది ముందు ఇంగ్లీషు పేరు తగిలించినప్పుడు. సింగపూర్ ప్రధాని పూర్తి పేరు లారెన్స్ వాంగ్ ష్యున్ త్సాయ్. ఇక్కడ ఇంటిపేరు రెండో ముక్క. ముందూ కాదు, చివరా కాదు.

ఆడవాళ్ళ సంగతి. చైనా స్త్రీ పెళ్ళయ్యాక పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటుంది. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయని అనుమానించకండి. హాంకాంగ్‌లో కొందరు మాత్రం భర్త ఇంటిపేరు ముందు చేరుస్తారు. కారీ లామ్ చెంగ్ యుయెట్-ఙోర్‌లో లామ్ భర్తది, చెంగ్ ఆవిడది.

రెండక్షరాల ఇంటిపేర్లు కొద్దిగా ఉన్నాయి: ఒవ్‌యాంగ్, సీమా, షాంగ్‌గ్వాన్, జుగె, సీతూ. కాంటనీస్‌లో సీతూని సెటో అంటారు. వీటిని మధ్యకి విరిచి సగం సొంత పేరులో కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లలో ఒక ముక్క కలుస్తుంది. అది తరం గుర్తు. మావో జెడాంగ్ తమ్ముళ్ళు మావో జెమిన్, మావో జెతాన్. ‘జె’ ముగ్గురికీ ఉంది. సొంగ్ అక్కచెల్లెళ్ళు ఐలింగ్, చింగ్‌లింగ్, మెయ్‌లింగ్‌లకి చివర ‘లింగ్’ కలిసింది. ఒకే ఓడలో రెండు పేర్లలో రెండు ముక్కలు కలిస్తే ఒకే మనిషి రెండుసార్లు ఎక్కాడని కొట్టేయకండి, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు చూడండి.

ఇక ఇండోనేసియా. అక్కడ ఇంటిపేరు వెతకడం అన్నిచోట్లా కుదరదు. ఒంటి పేరున్నవాళ్ళు చాలామంది, సుకర్ణో అన్నది ఒకే మాట. అలాంటివి పాస్‌పోర్టు కింది వరుసలో ఇంటిపేరు జాగాలోనే వస్తాయి, రెండో భాగం ఖాళీ. ఫారంలోనూ అలాగే ఇంటిపేరు గడిలో వేయండి. ఖాళీ బాగోలేదని తండ్రి పేరు తెచ్చి అతికించొద్దు.

చైనా మూలం వాళ్ళ పేర్లు అక్కడ దాక్కుని ఉంటాయి. 1966 చివర్లో మంత్రివర్గ ప్రెసీడియం పేర్లు మార్చుకోవడానికి ఉత్తర్వు తెచ్చింది. మరుసటి ఏడాది 14వ నంబరు అధ్యక్ష ఆదేశం చైనా ఆచారాలు బయట కనబడకూడదంది. భయంతోనూ బతుకుతెరువు కోసమూ లక్షల మంది పేర్లు మార్చుకున్నారు. ఆ మార్పులో కూడా పాత ఇంటిపేరు శబ్దాన్ని లోపల దాచుకున్నారు. లిమ్ వాళ్ళు సలీమ్, హలీమ్ అయ్యారు. టాన్ వాళ్ళు తనోతో, సుతాన్తో. ఉయ్ వాళ్ళు విజయ. లియెమ్ సియూ లియొంగ్ అనే వ్యాపారి సుదోనో సలీమ్ అయ్యాడు, ఉయ్ ఎక్ చోంగ్ ఎకా చిప్తా విజయ అయ్యాడు. చూడండి, ‘విజయ’ అని మన సంస్కృత మాటలా కనిపించే ఇంటిపేరు లోపల పసుపు అక్షరం ఉంది. అందరూ మార్చుకోలేదు కూడా. మంత్రిగా చేసిన ఆర్థికవేత్త క్విక్ కియెన్ గీ చివరిదాకా ఆ పేరుతోనే ఉన్నాడు. 1967 ఆదేశాన్ని 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఎత్తేశాడు.

అక్కడి పాత కాగితాల్లో డచ్చి స్పెల్లింగ్ ఉంటుంది. ఓ-ఈ అంటే ఉ, టి-జె అంటే చ, డి-జె అంటే జ, ఒంటి జె అంటే య. 1947లో ఓ-ఈని యూగా, 1972లో టి-జెని సీగా మార్చారు, కానీ ఇంటిపేర్లకి చాలామంది పాతదే ఉంచుకున్నారు. డబ్ల్యూ-ఐ-డి-జె-ఏ-జె-ఏ అని ఉన్నా, డబ్ల్యూ-ఐ-జె-ఏ-వై-ఏ అని ఉన్నా పలుకు విజయే. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే.

ఫిలిప్పీన్స్ పేర్లకి ఇబ్బంది లేదనిపిస్తుంది గానీ ఒకటి గమనించండి. వాళ్ళ మధ్యపేరు తల్లి పుట్టింటి ఇంటిపేరు. సొంత పేరులో భాగం కాదు. ఇక ఫిలిప్పీన్స్‌లో చివర ‘కో’ ఉన్న పొడుగు ఇంటిపేర్లు, కొహువాంగ్కో, యుచెంగ్కో లాంటివి, నిజానికి ఒక తాతగారి పూర్తి పేరు. చివరి ‘కో’ హొక్కియెన్‌లో అన్న. మనం వెంకన్న, సూరన్న అన్నట్టు గౌరవంగా పిలిచిన పిలుపుని రికార్డుల్లో అలాగే రాసుకున్నారు. కొహువాంగ్కోలో మొదటి ‘కో’ ఇంటిపేరు, మాండరిన్‌లో షు. చివరి ‘కో’ అన్న. అధ్యక్షురాలిగా చేసిన కొరజోన్ అకీనో పుట్టింటి ఇంటిపేరు ఇదే.

థాయిలాండ్‌లో 1913లో ఇంటిపేర్ల చట్టం వచ్చింది. అంతకుముందు చైనా కుటుంబాలు ‘సే’ అనే మాట తర్వాత ఇంటిపేరు రాసేవి: సే తాంగ్ అంటే మన టాన్, సే ఉంగ్ అంటే పసుపు అక్షరం. ఇప్పటికీ కొందరికి సే ఉంది. మిగతావాళ్ళు థాయి పేరు తీసుకున్నారు. ఒకరి ఇంటిపేరు ఇంకో కుటుంబం పెట్టుకోకూడదన్న నియమం వల్ల కొత్తగా తీసుకున్నవి పొడుగైపోయాయి. థాయి ప్రధానుల షినవత్రా కుటుంబం పాత ఇంటిపేరు ఖూ, ఆ కొత్త పేరు 1938లో తీసుకున్నారు.

రేవు_గుమస్తా:

ధన్యవాదాలండీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఙ ఉపయోగం ఇన్నాళ్ళకి తెలిసింది. వియత్నాం, కొరియా క్రూ కూడా వస్తారు. లిస్టు నిండా ఎన్గుయెన్, ఎన్గుయెన్. కొరియా అయితే కిమ్, లీ, పార్క్. వీళ్ళంతా బంధువులు కాదు కదా?

సీతమ్మధార_సియోల్:

బంధువులు కారు. మనలో ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కాదు కదా, అలాగే.

వియత్నాం ముందు. ఎన్గుయెన్ అని అక్షరం అక్షరం చదవకండి, మళ్ళీ ఆ ఙ్‌తోనే మొదలు: ఙుయెన్ లాంటిది. దేశంలో మూడో వంతు జనానికి అటూ ఇటూగా ఈ ఇంటిపేరే. అంతమందికి రావడానికి ఒక కారణం రాజకీయం. 1225లో లీ వంశం నుంచి ట్రాన్ వంశం గద్దె లాక్కుంది. 1232లో లీ ఇంటిపేరున్నవాళ్ళందరూ ఙుయెన్‌గా మారాలని శాసించింది. తర్వాత వంశాలు మారినప్పుడూ జనం ఇదే ఇంటిపేరులోకి దూరారు. 1802 నుంచి 1945 వరకు రాజవంశమే ఙుయెన్ అయింది.

ఉత్తరాన హొవాంగ్, దక్షిణాన హుయిన్ అని లిపికారుడు గారు రాశారు కదా, దానికి కారణం మన దగ్గర భర్త పేరు పలకకపోవడం లాంటి ఆచారమే. దక్షిణాన్ని ఏలిన ప్రభువు పేరు ఙుయెన్ హొవాంగ్. ప్రభువు పేరు నోట పలకకూడదు, అందుకని అక్కడివాళ్ళు పలుకు మార్చేశారు. వూ అన్న ఇంటిపేరు దక్షిణాన వో అయిందీ ఇలాగే.

పేరు వరుస ఇంటిపేరు, మధ్యపేరు, సొంత పేరు. పిలిచేది మాత్రం చివరి ముక్కతో. వో ఙుయెన్ జాప్ ఇంటిపేరు వో, కానీ ప్రపంచమంతా జనరల్ జాప్ అనే అంది. అదే మీకు ఉచ్చు. ఓడ మీద అందరూ పిలిచే పేరు చూసి మాస్టర్ దాన్నే ఇంటిపేరు గడిలో వేస్తాడు. ఆయన పేరు నడుమ ఙుయెన్ ఉంది చూశారా, అక్కడది ఇంటిపేరు కాదు. కాబట్టి ‘ఙుయెన్ కనిపిస్తే ఇంటిపేరు’ అన్న లెక్క కూడా పనికిరాదు. మగవాళ్ళకి వాన్, ఆడవాళ్ళకి థి అన్నవి పాత మధ్యపేర్లు, సొంత పేరు గడిలోకి వెళ్తాయి.

కొరియాకొస్తే 2015 జనగణనలో ఒక్క కిమ్‌లే కోటీ ఆరు లక్షల పైచిలుకు. వాళ్ళని విడదీసేది బోన్-గ్వాన్, అంటే మూలపురుషుడి ఊరు. కిమ్‌హే కిమ్ వేరు, క్యొంగ్‌జు కిమ్ వేరు. ఊరూ ఇంటిపేరూ రెండూ కలిస్తే సగోత్రం కిందే లెక్క, పెళ్ళికి చట్టమే అడ్డుండేది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది, 2005లో చట్టం మార్చారు. బోన్-గ్వాన్ పాస్‌పోర్టులో రాదు, కాబట్టి మీ పనికి పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరే ఆధారం.

మీకు నిజంగా పనికొచ్చేది ఇది. చైనా ఈశాన్యంలో కొరియా జాతివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ళ పాస్‌పోర్టు చైనాది, అందుకని ఇంటిపేరు మాండరిన్ పలుకుతో వస్తుంది. కిమ్ అక్కడ జిన్ అవుతుంది, లీ మామూలు లీ (ఎల్, ఐ). పార్క్ అయితే పియావ్, చోయ్ అయితే త్సుయ్. ఓడ మీద పార్క్ అని పిలిచే మనిషి పాస్‌పోర్టులో పియావ్ ఉంటే మోసం లేదు. ఇక్కడే ఇంకో మెలిక: హాంకాంగ్‌లో కూడా చోయ్ ఉంది, కానీ అది వేరే అక్షరం, మాండరిన్‌లో త్సాయ్, సింగపూర్‌లో చువా.

జపాన్ పేర్లని ఈ లెక్కలోకి తేకండి. హయాషి అని రాసే అక్షరం జంట చెట్ల లిన్ అక్షరమే, సంబంధం అక్కడితో సరి. సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని అక్కడ 1875లో చట్టం చేశారు, ఊరూ చేనూ వాగూ చూసి పెట్టుకున్నవే ఎక్కువ.

లిపికారుడు:

సీతమ్మధార గారు చెప్పిన ‘బంధువులు కారు’కి ఒక బలమైన రుజువు చైనాలోనే ఉంది. 496లో ఉత్తర వెయ్ చక్రవర్తి షియావ్‌వెన్ తన స్టెప్పీ జాతి షియెన్‌పెయ్ ఇంటిపేర్లన్నీ తీసేసి ఒక్కక్షరం చైనా ఇంటిపేర్లు పెట్టించాడు. తన తువోబా వంశాన్నే యువాన్‌గా మార్చుకున్నాడు. మంచూ రాజవంశం ఐసిన్ గియొరో వాళ్ళు గద్దె పోయాక చాలామంది జిన్ అయ్యారు. ఆ జిన్‌కీ కొరియా కిమ్‌కీ అక్షరం ఒకటే, రక్తం వేరు.

వంశమూలం నిజంగా వెతకాలనుకునేవాళ్ళకి స్పెల్లింగ్ కన్నా సమాధిరాయి ఎక్కువ చెప్తుంది. పెనాంగ్, మలక్కా పాత శ్మశానాల్లో రాయి పైభాగాన రెండు పెద్ద అక్షరాలుంటాయి. అవి మనిషి పేరు కాదు, చైనాలోని పూర్వీకుల జిల్లా. నడుమ నిలువు వరుసలో పేరు, పక్కన కాలం. ఆ జిల్లా, ఇంటిపేరు అక్షరం రెండూ దొరికితే వంశవృక్షం ఎక్కడ అడగాలో తెలుస్తుంది. ఇంటి గుమ్మం మీద రాసే బిరుదు ఇంకా పాతది. చెన్‌లకి యింగ్‌చువాన్, హువాంగ్‌లకి జియాంగ్‌షియా, లీలకి లొంగ్‌షీ. అది వంశం ఒకప్పుడు వెలిగిన సీమ పేరు. తాత పుట్టిన ఊరు అనుకుని అక్కడికి వెళ్తే ఎవరూ దొరకరు.

రేవు_గుమస్తా:

ఇంకొక్కటి, ఇప్పుడు చేతిలో ఉన్నదే. చైనా మనిషి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎల్-వై-యూ. సీమన్ బుక్‌లో ఎల్-యూ. పాత సర్టిఫికేట్ ఒకదాంట్లో ఎల్-వీ. మిగతా వివరాలన్నీ కలుస్తున్నాయి. ఏది రాయాలి?

దొండపర్తి_88:

మూడూ ఒకటే ఇంటిపేరు. పిన్యిన్‌లో అది యూ మీద రెండు చుక్కలుండే అక్షరం, పెదాలు ఊ అన్నట్టు పెట్టి ఈ అంటే వచ్చే ధ్వని. పాస్‌పోర్టులో చుక్కలు పడవు. ముందు ఒకరు చుక్కలు వదిలేసి ఎల్-యూ రాశారు, కీబోర్డు అలవాటు ఉన్నవాళ్ళు ఎల్-వీ కొట్టారు. 2011 నాటి జాతీయ ప్రమాణం వై-యూ రాయమంది, అందుకే కొత్త పాస్‌పోర్టుల్లో ఎల్-వై-యూ వస్తోంది.

క్రూ లిస్టులో పాస్‌పోర్టులో ఉన్న ఎల్-వై-యూ వేయండి. పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పి చూడండి, రెండు స్పెల్లింగులూ ఒకరివే అని రిమార్కు కొన్నిట్లో ఉంటుంది. ఉంటే ఆ పేజీ కాపీ జత చేయండి. లేకపోతే సీమన్ బుక్‌లో చైనా అక్షరం ఉందేమో చూసి, పాస్‌పోర్టులో ఉన్న అక్షరంతో పోల్చండి. ఒకదాని మీద ఒకటి రెండు చిన్న డబ్బాల్లా కనిపిస్తుంది, ఇట్టే పోల్చుకోవచ్చు. రెండు చోట్లా అదే ఉంటే మాస్టర్ చేత ఒక్క వాక్యం ఉత్తరం, సంతకం, ఓడ ముద్రతో తీసుకోండి. ఓడ బెర్తుకి రాకముందే పంపించమనండి, బెర్తయ్యాక ఆయన మీకు దొరకడు.